కీళ్ళ నొప్పి మాత్రలు: ఇంట్లో చదువుకున్న పిల్లలు నేర్చుకోవలసిన పాఠం

 

ప్రతి సంచికలోనూ ఈ పుటలలో పరీక్షలకు పనికివచ్చే పాఠం ఇస్తూ ఉంటాం. ఈసారి పాఠం పరీక్షకూ పనికివస్తుంది, ఇంటికీ పనికివస్తుంది. ఇంటర్ చదివే పిల్లలకు ఇందులో రసాయన శాస్త్రం, జీవశాస్త్రం ఉన్నాయి. మోకాళ్ళు పట్టుకుని మెట్లు దిగే అమ్మమ్మకు, తాతయ్యకు ఇందులో ప్రాణరక్షణ ఉంది.

షోలాపూర్‌లోని మా వీధిలో మగవాళ్ళు మగ్గం దగ్గర నిలబడి, ఆడవాళ్ళు బీడీల చాట ముందు కూర్చుని జీవితం గడిపారు. యాభై దాటేసరికి మోకాళ్ళు, నడుము, వేళ్ళ కణుపులు మొరాయిస్తాయి. డాక్టరు మరాఠీలో చెబుతాడు, మందు పట్టీ మీద ఇంగ్లీషులో ఉంటుంది, మింగే మనిషికి తెలుగు మాత్రమే వస్తుంది. బెంగళూరులోనో, హోసూరులోనో, బరంపురంలోనో ఉన్న మనవారికి డాక్టరు భాష వేరు కావచ్చుగానీ, కష్టం మాత్రం ఇదే. ఈ మూడు భాషల మధ్య వారధి ఎవరు? ఇంట్లో చదువుకుంటున్న పిల్లలే.

మా పెద్దమ్మ విషయం చెప్పి పాఠంలోకి వెళతాను. ఆమెకు అరవై ఎనిమిదేళ్ళు. గుండెకు రోజూ చిన్న ఆస్పిరిన్ మాత్ర వేసుకునేది. మోకాళ్ళకు ఒక డాక్టరు అసెక్లోఫెనాక్ రాశాడు. ఆ మధ్యలో పంటి నొప్పి వస్తే, ఎవరికీ చెప్పకుండా మందుల షాపుకు పోయి "నొప్పి గోలీ" అడిగింది. వాళ్ళు ఇచ్చింది డైక్లోఫెనాక్. మూడు పట్టీలకు మూడు రంగులు, మూడు పేర్లు. మూడు వేర్వేరు రోగాలకు మూడు వేర్వేరు మందులనుకుంది. వారం తరువాత మలం నల్లగా తారులాగా రావడం మొదలైంది. రక్తహీనతకు ఐరన్ మాత్ర కూడా వేసుకునేది కాబట్టి, దానివల్లే నలుపని సరిపెట్టుకుంది. అయిదవ రోజున స్నానాల గదిలో కళ్ళు తిరిగి పడిపోయింది. ఆసుపత్రిలో గొట్టం వేసి చూస్తే కడుపులో పుండు, దాని నుండి రక్తస్రావం. రక్తం ఎక్కించారు. దేవుడి దయవల్ల బతికింది. పదకొండవ తరగతి చదివే మనవరాలు మూడు పట్టీలూ పక్కపక్కన పెట్టి, అడుగున ఉన్న చిన్న అక్షరాలు చదివి, "బాబాయ్, ఈ మూడూ ఒకే జాతి మందులు కదా?" అని నన్ను అడిగింది. ఆ ప్రశ్న పది రోజుల ముందు ఎవరైనా అడిగి ఉంటే ఇంత కష్టం వచ్చేది కాదు. అడగనివారిలో నేనూ ఉన్నాను. అందుకే ఈ వ్యాసం.

1. కీళ్ళ నొప్పులన్నీ ఒకటి కావు

సాధారణంగా కనిపించేవి మూడు.

మొదటిది కీళ్ళ అరుగుదల. డాక్టర్లు ఆస్టియో ఆర్థ్రైటిస్ అంటారు. ఎముకల చివర మెత్తగా ఉండే మృదులాస్థి దెబ్బతింటుంది. మోకాళ్ళలో ఎక్కువ. నడిస్తే నొప్పి పెరుగుతుంది, కూర్చుంటే తగ్గుతుంది.

రెండవది కీళ్ళవాతం, అనగా రుమటాయిడ్ ఆర్థ్రైటిస్. శరీరపు రక్షణ వ్యవస్థే పొరపాటున కీళ్ళ లోపలి పొరపై దాడి చేస్తుంది. రెండు చేతుల వేళ్ళ కణుపులూ వాచి, ఉదయం లేవగానే అరగంటకు పైగా బిగుసుకుపోయి ఉంటాయి. వయసుతో నిమిత్తం లేదు. ముప్పై ఏళ్ళ తల్లికీ రావచ్చు.

మూడవది గౌట్. రక్తంలో యూరిక్ ఆమ్లం పెరిగి, దాని స్ఫటికాలు కీలులో చేరతాయి. తరచు కాలి బొటనవేలు రాత్రికి రాత్రే ఎర్రగా వాచి, దుప్పటి తగిలినా ఓర్వలేనంత నొప్పి పెడుతుంది.

ఇవిగాక 2006లో కర్ణాటక, ఆంధ్ర, తమిళనాడు, మహారాష్ట్రలను చుట్టుముట్టిన చికున్‌గున్యా మన పెద్దలకు గుర్తుండే ఉంటుంది. జ్వరం పోయినా కొందరికి కీళ్ళ నొప్పులు నెలల తరబడి ఉండిపోయాయి.

వీటన్నిటికీ మందుల షాపులో దొరికేది ఒకే రకం నొప్పి మాత్ర. కానీ ఆ మాత్ర నొప్పిని, వాపును తగ్గిస్తుందే తప్ప రోగాన్ని నయం చేయదు. ముఖ్యంగా కీళ్ళవాతం ఉన్నవారు నొప్పి మాత్రతోనే నెట్టుకువస్తే, నొప్పి తెలియకుండానే కీళ్ళు వంకర పోతాయి. వాపు ఆరు వారాలు దాటి ఉంటే డాక్టరు చేత రక్తపరీక్ష చేయించుకోవాలి.

2. మాత్ర ఎలా పనిచేస్తుంది?

1897లో జర్మనీలోని బేయర్ కంపెనీలో ఫెలిక్స్ హాఫ్‌మన్ ఆస్పిరిన్‌ను శుద్ధమైన రూపంలో తయారు చేశాడు. 1899 నుండి అది ఆ పేరుతో అమ్మకానికి వచ్చింది. డెబ్బై ఏళ్ళకు పైగా ప్రపంచమంతా మింగింది గానీ, అది ఎలా పనిచేస్తుందో ఎవరికీ తెలియదు. 1971లో ఇంగ్లండులో జాన్ వేన్ అనే శాస్త్రవేత్త ఆ గుట్టు విప్పాడు. అందుకు ఆయనకు 1982లో మరి ఇద్దరితో కలిపి నోబెల్ బహుమతి వచ్చింది.

ఆ గుట్టు ఇది. మన కణాల పొరల్లో అరాకిడోనిక్ ఆమ్లం అనే కొవ్వు ఆమ్లం ఉంటుంది. దెబ్బ తగిలినప్పుడు సైక్లోఆక్సిజనేజ్ అనే ఎంజైము దీనిని ప్రోస్టాగ్లాండిన్లుగా మార్చే పని మొదలుపెడుతుంది. వాపు, వేడి, నొప్పి కలిగించేవి ఈ ప్రోస్టాగ్లాండిన్లే. నొప్పి మాత్ర ఆ ఎంజైమును అడ్డుకుంటుంది. ప్రోస్టాగ్లాండిన్లు తగ్గుతాయి, నొప్పి తగ్గుతుంది.

అయితే ఈ ప్రోస్టాగ్లాండిన్లు శత్రువులు మాత్రమే కావు. కడుపు లోపలి గోడను ఆమ్లం తినివేయకుండా కాపాడేవి అవే. మూత్రపిండాలకు రక్తప్రసారం తగ్గకుండా చూసేవీ అవే. మాత్ర మోకాలిని వెతుక్కుంటూ వెళ్ళదు. రక్తంతోపాటు ఒళ్ళంతా తిరిగి, మోకాలిలో ఉన్నవాటితోపాటు కడుపులో, కిడ్నీలో ఉన్నవాటినీ తగ్గిస్తుంది. ప్రయోజనం, ప్రమాదం రెండూ ఒకే చర్య నుండి పుడుతున్నాయి. ఈ ఒక్క వాక్యం అర్థమైతే మిగతా పాఠమంతా దానంతట అదే అర్థమవుతుంది.

ఈ ఎంజైములో రెండు రకాలున్నాయి. కాక్స్-1 ముఖ్యంగా కడుపును కాపాడే పనిలో ఉంటుంది. కాక్స్-2 ముఖ్యంగా వాపు ఉన్నచోట పెరుగుతుంది. కాక్స్-2ను మాత్రమే అడ్డుకుంటే కడుపు క్షేమంగా ఉంటుందని ఆశించి కొత్త మందులు చేశారు. కడుపుకు కొంత మేలు జరిగిన మాట నిజమే. కానీ వాటిలో ఒకటైన రోఫెకాక్సిబ్ వల్ల గుండెపోటు, పక్షవాతం పెరుగుతున్నాయని తేలి, 2004 సెప్టెంబరులో దానిని ప్రపంచమంతటా ఉపసంహరించారు. అదే సంవత్సరం డిసెంబరులో మన ప్రభుత్వం నిషేధించింది. కొత్త మందు, ఖరీదైన మందు తప్పనిసరిగా సురక్షితం అనుకోరాదు.

3. ఒకే కుటుంబం, అనేక పేర్లు

ఈ జాతి మందులను స్టిరాయిడ్ కాని వాపు తగ్గించే మందులు అంటారు. ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్, అసెక్లోఫెనాక్, నాప్రోక్సెన్, ఇండోమెథాసిన్, పైరాక్సికామ్, నిమెసులైడ్, ఎటోరికాక్సిబ్, సెలికాక్సిబ్ ఈ కుటుంబానికి చెందినవే. ఆస్పిరిన్ వీటికి పెద్దన్న. బ్రూఫెన్‌లో ఉన్నది ఐబుప్రోఫెన్. వోవెరాన్‌లో ఉన్నది డైక్లోఫెనాక్. జీరోడాల్‌లో ఉన్నది అసెక్లోఫెనాక్. కాంబిఫ్లామ్‌లో ఐబుప్రోఫెన్, పారాసెటమాల్ కలిసి ఉన్నాయి. పెద్ద అక్షరాల్లో ఉన్నది కంపెనీ పెట్టిన పేరు. దాని కింద చిన్న అక్షరాల్లో ఉన్నదే అసలు మందు పేరు. చదవవలసింది ఆ చిన్న పేరునే.

పారాసెటమాల్ ఈ కుటుంబంలోనిది కాదు. జ్వరాన్ని, నొప్పిని తగ్గిస్తుందిగానీ వాపును తగ్గించదు. కడుపుకు, కిడ్నీకి ఇబ్బంది తక్కువ. మోతాదు మించితే మాత్రం కాలేయం దెబ్బతింటుంది. పెద్దలకు రోజుకు 4 గ్రాములు గరిష్ఠ పరిమితి. బక్కచిక్కిన వృద్ధులకు, మద్యం తాగేవారికి, కాలేయ వ్యాధి ఉన్నవారికి అంతకంటే తక్కువే ఇవ్వాలి.

మొదటి నియమం: ఈ కుటుంబంలోని రెండు మందులు ఒకే కాలంలో వాడరాదు. రెండు వాడితే నొప్పి రెండింతలు తగ్గదు, ప్రమాదం మాత్రం పెరుగుతుంది. గుండె కోసం డాక్టరు రాసిన చిన్న ఆస్పిరిన్ ఉంటే దానిని సొంతంగా మానరాదు. నొప్పి మాత్ర రాసే డాక్టరుకు ఆ సంగతి ముందే చెప్పాలి. ఐబుప్రోఫెన్ ఆస్పిరిన్ పనికి అడ్డు తగలగలదు.

4. ఎవరికి ప్రమాదం ఎక్కువ?

కింది వారు డాక్టరును అడగకుండా ఒక్క మాత్ర కూడా వేసుకోరాదు.

అరవై అయిదేళ్ళు దాటినవారు. ఇదివరకు కడుపులో పుండు గాని రక్తస్రావం గాని అయినవారు. రక్తం పలచబడే మందులు గాని స్టిరాయిడ్లు గాని వాడేవారు. గుండెజబ్బు, పక్షవాతం వచ్చినవారు. వీరికి డైక్లోఫెనాక్ ప్రత్యేకించి తగదు. కిడ్నీ జబ్బు ఉన్నవారు. ఆస్పిరిన్ వంటి మాత్రతో ఆయాసం వచ్చిన ఉబ్బసం రోగులు. గర్భిణులు, అయిదవ నెల నుండి ఈ మాత్రలు బిడ్డ కిడ్నీలకు, ఇంకా ముదిరిన నెలల్లో బిడ్డ గుండె రక్తనాళానికి కూడా హాని చేయగలవు. పన్నెండేళ్ళలోపు పిల్లలకు నిమెసులైడ్ వాడకాన్ని మన దేశంలో 2011లో నిషేధించారు.

రక్తపోటుకు మందు వాడేవారు ఒక చిన్న చిట్కా గుర్తుంచుకోవాలి. మందు పేరు చివర 'ప్రిల్' అని (ఎనలాప్రిల్, రామిప్రిల్) గాని, 'సార్టన్' అని (లోసార్టన్, టెల్మిసార్టన్) గాని ఉండి, దానితోపాటు మూత్రం ఎక్కువగా పోయే మాత్ర కూడా వాడుతుంటే, మూడవదిగా నొప్పి మాత్ర చేరినప్పుడు కిడ్నీలు హఠాత్తుగా దెబ్బతినవచ్చు. వాంతులు, విరేచనాలు అవుతున్నప్పుడు, ఎండాకాలంలో మగ్గాల షెడ్డులో చెమట కారి ఒంట్లో నీరు తగ్గినప్పుడు ఈ ప్రమాదం మరీ ఎక్కువ.

జ్వరంతో కీళ్ళ నొప్పులు వస్తే, అది డెంగ్యూ కాదని తేలేవరకు పారాసెటమాల్ తప్ప మరేదీ వద్దు. డెంగ్యూలో అసలే రక్తస్రావ భయం ఉంటుంది.

కిడ్నీ సంగతి నమ్మనివారికి రాబందుల కథ చెప్పండి. పశువులకు నొప్పి తగ్గడానికి డైక్లోఫెనాక్ ఇచ్చేవారు. ఆ పశువుల కళేబరాలు తిన్న రాబందులు కిడ్నీలు చెడి చనిపోయాయి. ఈ కారణం 2004లో వెల్లడయ్యే నాటికి మన దేశంలో కొన్ని జాతుల రాబందులు నూటికి తొంభైకి పైగా నశించిపోయాయి. 2006లో పశువుల డైక్లోఫెనాక్‌ను నిషేధించారు. బెంగళూరు పక్కన రామనగర కొండల్లో ఉన్నది మిగిలిన కొన్నింటిని కాపాడుకునేందుకు ఏర్పాటైన అభయారణ్యం. పక్షికీ మనిషికీ తేడా ఉంది, నిజమే. కానీ ఈ మందు కిడ్నీని తాకుతుందనడానికి ఇంతకంటే పెద్ద పాఠం అక్కరలేదు.

5. మన ఇళ్ళలో వినిపించే మాటలు

"అన్నం తిని వేసుకుంటే ఏమీ కాదు." సగమే నిజం. మంట, వికారం తగ్గుతాయి. కానీ పుండు పడేది మాత్ర గోడకు తగలడం వల్ల మాత్రమే కాదు, రక్తం ద్వారా రక్షణ తగ్గడం వల్ల కూడా.

"సూది వేయించుకుంటే కడుపుకు తగలదు." ఇదీ అంతే. ఏ దారిన వెళ్ళినా మందు రక్తంలోకే చేరుతుంది.

"గ్యాస్ మాత్ర ఉందిగా." ప్రమాదం ఎక్కువ ఉన్నవారికి ఓమిప్రజోల్, పాంటోప్రజోల్ వంటివి డాక్టర్లు కలిపి రాస్తారు. భోజనానికి అరగంట ముందు వేసుకుంటే అవి కడుపును బాగానే కాపాడతాయి. కానీ కిడ్నీని, గుండెను కాపాడవు.

"ఫలానా ఊరి పొడి తింటే రెండు రోజుల్లో లేచి నడిచారు." అంత త్వరగా పనిచేసే పేరులేని పొడుల్లో, మాత్రల్లో స్టిరాయిడ్ కలిపి అమ్మిన సందర్భాలు ఉన్నాయి. నెలల తరబడి తింటే షుగరు పెరుగుతుంది, ఎముకలు గుల్లబారతాయి, ముఖం ఉబ్బుతుంది. అలాంటిది తింటున్నవారు ఒక్కసారిగా మానడం కూడా ప్రమాదమే. పొడిని వెంట తీసుకుని డాక్టరు దగ్గరకు వెళ్ళాలి.

6. మరి ఎలా వాడాలి?

భయపడి నొప్పితో మూలుగుతూ కూర్చోమని చెప్పడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. నొప్పి వల్ల నడక మానేస్తే కండరాలు సన్నబడి, కీలు ఇంకా బలహీనమవుతుంది. సరైన మనిషికి, సరైన మోతాదులో, సరైన కాలానికి ఇవి మంచి మందులే.

మోకాలి, వేళ్ళ అరుగుదలకు మొదట డైక్లోఫెనాక్ పూత మందు వాడి చూడవచ్చు. చర్మం నుండి రక్తంలోకి చేరేది చాలా తక్కువ. పుండు మీద, గాయం మీద రాయరాదు. రాసిన తరువాత చేతులు కడుక్కోవాలి.

మాత్ర తప్పదనుకుంటే పని జరిగే అతి తక్కువ మోతాదు, అతి తక్కువ రోజులు. డైక్లోఫెనాక్ రోజుకు 150 మి.గ్రా., అసెక్లోఫెనాక్ 200 మి.గ్రా. మించరాదు. చాలామందికి అంతకంటే తక్కువే చాలు. ఒక పూట మరచిపోతే తరువాతి పూట రెండు వేసుకోరాదు. పాత చీటీ చూపించి ఏడాదిపాటు అవే మాత్రలు కొనరాదు. డైక్లోఫెనాక్ డాక్టరు చీటీ ఉంటేనే అమ్మవలసిన మందు. పట్టీ మీది ఎర్ర గీత చెప్పేది అదే. ఎక్కువ కాలం వాడవలసి వస్తే రక్తపోటు, క్రియాటినిన్, హిమోగ్లోబిన్ పరీక్షలు చేయించాలి.

డబ్బు ఇబ్బంది ఉన్నవారు జనఔషధి కేంద్రాల్లో అదే మందును అసలు పేరుతో తక్కువ ధరకు కొనవచ్చు.

మందుతో సమానమైనవి మరి రెండున్నాయి. తొడ కండరాల వ్యాయామం ఒకటి. కుర్చీలో కూర్చుని కాలు నేరుగా చాచి అయిదు అంకెలు లెక్కపెట్టి దించడం. రెండు కాళ్ళకూ పదేసి సార్లు, రోజుకు రెండు పూటలా. రెండవది బరువు. అధిక బరువుతో మోకాళ్ళు అరిగినవారు ఒక కిలో తగ్గితే, నడిచే ప్రతి అడుగులో మోకాలి మీద సుమారు నాలుగు కిలోల భారం తగ్గుతుందని పరిశోధకులు కొలిచి చెప్పారు.

కీళ్ళవాతానికి వాడే ముఖ్యమైన మందు మెథోట్రెక్సేట్. దీని వెనుక మన తెలుగువాడున్నాడు. 1895లో భీమవరంలో పుట్టి, మద్రాసులో వైద్యం చదివి, అమెరికా వెళ్ళిన డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వంలో లెడర్లే ప్రయోగశాలలో జరిగిన పరిశోధనల నుండే ఇది వచ్చింది. మొదట క్యాన్సరుకు వాడిన ఈ మందు చాలా తక్కువ మోతాదులో కీళ్ళవాతాన్ని అదుపు చేస్తుంది. అయితే దీనిని వారానికి ఒక్కరోజే వేసుకోవాలి. పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణాపాయం. ఇంట్లో ఎవరైనా వాడుతుంటే ఆ వారం పేరు పట్టీ మీద తెలుగులో పెద్ద అక్షరాలతో రాసిపెట్టండి.

7. వెంటనే ఆసుపత్రికి వెళ్ళవలసిన గుర్తులు

నల్లగా, జిగటగా, దుర్వాసనతో మలం రావడం. వాంతిలో రక్తం, లేదా కాఫీ పొడి వంటి పదార్థం. మూత్రం బాగా తగ్గడం, పాదాలు, ముఖం ఉబ్బడం. ఛాతీలో నొప్పి, ఆయాసం. ఒక చేయి, ఒక కాలు పడిపోవడం, మాట తడబడడం. ఒంటి మీద బొబ్బలు, పెదవుల వాపు. ఇవి కనిపిస్తే మాత్ర ఆపి, పట్టీలన్నీ సంచిలో వేసుకుని వెళ్ళండి. ఐరన్ మాత్ర వల్ల కూడా మలం నల్లబడుతుంది కాబట్టి ఏది ఎందువల్లో ఇంట్లో కూర్చుని తేల్చుకోవద్దు.

పెద్దవారు మలం సంగతి కోడలికో, మనవడికో చెప్పడానికి సిగ్గుపడతారు. అందుకని మనమే అడగాలి. "అవ్వా, ఈ మాత్ర మొదలుపెట్టాక కడుపులో ఎట్లా ఉంది? దొడ్డికి నల్లగా వస్తున్నదా?" అని అడిగితే చిన్నతనం కాదు.

ఇంటి పని

(1) ఈ ఆదివారం ఇంట్లోని మందు పట్టీలన్నీ ఒకచోట పెట్టండి. ఒక నోటు పుస్తకంలో అయిదు గడులు గీయండి: పట్టీ మీది పేరు, అసలు మందు పేరు, ఎన్ని మి.గ్రా., ఎవరికి, ఎందుకు. నొప్పి మాత్రల కుటుంబంలోని పేర్ల కింద ఎర్ర గీత గీయండి. ఒకే మనిషికి రెండు ఎర్ర గీతలు వస్తే మరునాడే డాక్టరుకు చూపించండి. గడువు దాటినవి విడిగా తీయండి.

(2) ఒక లెక్క: తాతయ్య రోజుకు రెండుసార్లు వేసుకునే మాత్రలో అసెక్లోఫెనాక్ 100 మి.గ్రా., పారాసెటమాల్ 325 మి.గ్రా. ఉన్నాయి. జ్వరం వచ్చి 650 మి.గ్రా. పారాసెటమాల్ రోజుకు నాలుగుసార్లు వేసుకున్నాడు. ఆ రోజు ఒంట్లోకి వెళ్ళిన పారాసెటమాల్ ఎంత? (జవాబు: 650 + 2,600 = 3,250 మి.గ్రా. పరిమితి లోపలే ఉందిగానీ, బలహీనుడైన వృద్ధుడికి ఇది ఎక్కువే.)

(3) సూదిమందు రూపంలో తీసుకున్నా కడుపులో పుండు ఎందుకు పడవచ్చు? అయిదు వాక్యాల్లో రాయండి.

(4) మీ నోటు పుస్తకంలోని పట్టికను మీ ఇంటి పెద్దలకు తెలుగులో చదివి వినిపించండి.

మా పెద్దమ్మ ఇప్పుడు మోకాలికి పూత రాసుకుని, కర్ర పట్టుకుని, మెల్లగా గుడి దాకా నడిచి వస్తోంది. కొత్త మాత్ర ఏది ఇచ్చినా మనవరాలి ముందు పెట్టి, "చదివి చెప్పవే తల్లీ, ఇది ఆ జాతిదేనా?" అంటుంది. స్కాలర్‌షిప్ అందుకుంటున్న మీ అందరి చదువు మార్కుల పట్టికలోనే గాక, ఇంట్లోని మందుల డబ్బా దగ్గర కూడా ఇలా అక్కరకు రావాలని కోరుకుంటూ సెలవు.

(ఈ వ్యాసం అవగాహన కోసం మాత్రమే. మందు మొదలుపెట్టడానికి, మానడానికి, మార్చడానికి మీ డాక్టరు సలహా తప్పనిసరి.)